నాలుగో గడిలో టిక్కు

దేవకుమారికి యాభై మూడేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళు ఒడిశాలోని రాయగడలో ఒకే మేడ మీద, ఒకే గదిలో గడిచిపోయాయి. మొదట్లో ఆ గదిలో కేబుల్ టీవీ పెట్టెలు ఉండేవి, ఇప్పుడు ఇంటర్నెట్ పెట్టెలు ఉన్నాయి. పెట్టెలు మారాయి గానీ గదిలో చలి మారలేదు, ఆమె భుజాల మీది శాలువా మారలేదు. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల ఏసీ గాలికి మోకాళ్ళు పట్టేస్తాయి. లేచి నిలబడేటప్పుడల్లా "యేసయ్యా" అంటుంది. అది ప్రార్థనో మూలుగో ఆమెకే తెలియదు.

ఆమె పుట్టింది మాచ్‌ఖండ్ కాలనీలో. తండ్రి పవర్‌హౌస్‌లో గుమాస్తా. ఆమెకి చిన్నప్పటి నుంచీ తీగలంటే భయం లేదు, తీగల అవతల ఉండే మనుషులతోనే తంటా. ఇప్పుడు గణపతిరావుగారి నెట్‌వర్కులో ఆమె పేరుకు మేనేజరు. రాయగడలో, మునిగుడలో ఎవరింట్లో సినిమా ఆగిపోయినా తిట్టేది ఆమెనే. వానాకాలం వచ్చిందంటే ఆ తిట్లు వినలేక తల ప్రాణం తోకకొస్తుంది.

కథలోకి వెళ్ళేముందు ఆమె పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. రాయగడ నుంచి గుణుపురానికి ఎవరైనా ఒక ఫోటో పంపారనుకోండి. మధ్య దూరం డెబ్భై కిలోమీటర్లు. ఆ ఫోటో మాత్రం పార్వతీపురం మీదుగా విశాఖ దిగి, చెన్నై వెళ్ళి, అక్కడ ఇంకో కంపెనీ చేతిలో పడి, శ్రీకాకుళం మీదుగా తిరిగొచ్చి గుణుపురం చేరుతుంది. రాయగడ నెట్‌వర్కు ఒకరిది, గుణుపురం నెట్‌వర్కు ఇంకొకరిది. రెండూ చెన్నైలో తప్ప ఎక్కడా తగలవు. ఈ చుట్టుదారి లేకుండా ఇద్దరూ నేరుగా తీగ కలిపేసుకుని, మీవాళ్ళకి వచ్చేది మీ చేతిలోనే పెడతాం, మావాళ్ళకి వచ్చేది మా చేతిలో పెట్టండి అని ఒప్పుకోవడాన్ని పీరింగ్ అంటారు.

దానికి సంబంధాలు కుదిర్చే వెబ్‌సైటు ఒకటుంది. లోకంలో ఉన్న నెట్‌వర్కులకి అందులో ఒక్కో పేజీ. నంబరెంత, ఏ ఊళ్ళో ఉన్నారు, ఎవరితో మాట్లాడాలి అని రాసుంటుంది. కింద నాలుగు గడులు. అందరితో కలుస్తాం. చూసి కలుస్తాం. ఒకరిద్దరితోనే కలుస్తాం. ఎవరితోనూ కలవం. రాయగడ పేజీలో టిక్కు నాలుగో గడిలో ఉంది. ఏడేళ్ళ కిందట దేవకుమారే పెట్టింది.

ఒక సాధనాన్ని, అంటే దానంతటదే నడిచే ప్రోగ్రామును, కూడా అప్పుడే ఆఫీసు సర్వరులో ఎక్కించింది. ఎవరైనా కలుపుకుందాం అని ఫారం పంపితే, అది వెళ్ళి ఆ పేజీలో టిక్కు ఎక్కడుందో చూసి తనే జవాబిచ్చేస్తుంది. మనిషికి చెప్పదు. ఊరూపేరూ లేని కంపెనీల అమ్మకపు ఉత్తరాలు చదివి విసిగిపోయి పెట్టుకున్నానని అందరితోనూ చెప్పింది. అది సగం నిజం. రెండో సగం పేరు కూర్మారావు.

కూర్మారావుది గుణుపురం పక్క పల్లె. తాతల కాలంలో టెక్కలి వైపు నుంచి వచ్చి వంశధార ఒడ్డున వ్యవసాయం చేసుకుంటున్న కుటుంబం. ఇరవై రెండేళ్ళప్పుడు లైన్‌మన్‌గా చేరాడు. స్తంభం ఎక్కడం అతనికి ముందే వచ్చు, మిగతావన్నీ దేవకుమారి నేర్పింది. మధ్యాహ్నం భోజనం ఆమె ఇంట్లోనే. ఆమె భర్త ఆశీర్వాదం మాస్టారిని "బావా" అనేవాడు. రాయగడ నుంచి గుణుపురానికి వెలుతురు నడిచే రెండు గాజు పోగుల తీగ స్తంభం స్తంభానికీ మోసి, ఎండలో వానలో తిరిగి లాగింది ఆ ఇద్దరే.

2018 జనవరిలో మాస్టారు పోయారు. నలభయ్యో రోజున ఇంటి ముందు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. "కుర్సీల సంగతి నాకొదిలేయ్ అక్కా, నేను తెస్తాను" అన్నాడు కూర్మారావు. రాలేదు. పాదిరిగారు వాక్యం చెబుతుంటే సగం మంది గోడకానుకుని నిలబడ్డారు. మర్నాడు తెలిసింది, ఆ రోజంతా అతను గుణుపురంలో నాలుగు వందల చిల్లర ఇళ్ళని తన సొంత నెట్‌వర్కు మీదికి మార్చుకుంటున్నాడని. సొంతంగా పెట్టుకుంటున్నానని ఒక్క మాట ముందు చెప్పలేదు.

గణపతిరావుగారు నాలుగు వందల ఇళ్ళు పోయాయని మొత్తుకున్నారు. దేవకుమారికి ఆ ఇళ్ళ మీద దిగులు లేదు. గోడకానుకుని నిలబడ్డ ముసలివాళ్ళే కళ్ళ ముందు మెదిలారు. సోమవారం ఆఫీసుకి వెళ్ళి గుణుపురం తీగని పెట్టెలోంచి పీకేసింది, కొసలకి మూతలు పెట్టింది, నాలుగో గడిలో టిక్కు కొట్టింది. రేపు వాడికి అవసరం పడుతుంది. అప్పుడు ఫోను చేసి నోటితో అడగాలి. 'అక్కా' అని అడగాలి. అడిగితే చూద్దాం అనుకుంది.

ఈ వైపు మనుషులకి మాటలు మానేయడం చాలా మామూలు విషయం. పెళ్ళి పందిట్లో ఎదురుపడితే పక్కవాణ్ణి పిలిచి "ఆయన్ని భోంచెయ్యమని సెప్పు" అంటారు. ఆయనా పక్కవాడితోనే "తిన్నానని సెప్పు" అంటాడు. అలా ఇరవయ్యేళ్ళు నడిపినవాళ్ళున్నారు. మధ్యలో మూడో మనిషి లేకపోతే మాత్రం ఏదీ నడవదు. దేవకుమారీ కూర్మారావుల మధ్య అలాంటి మూడో మనిషి ఎవరూ లేరు. ఆమె అలా అనుకుంది.

కూర్మారావు ఫోను చెయ్యలేదు. ఒక ఏడు, రెండేళ్ళు, ఏడేళ్ళు. వాడికి ఎంత పొగరు అని ఏటా వానలు మొదలైనప్పుడు అనుకునేది. మధ్యలో ఒకసారి లైన్‌మన్ గౌరీశంకర్ వచ్చి, "మేడమ్, రామనగుడ కాడ మన పాత తీగకి ఎవులో కొత్త అతుకులేసేరు" అన్నాడు. "చచ్చిన తీగకి ఎవరు ఏం చేస్తే మనకేంటి" అని చెవిన వేసుకోలేదు.

నిరుడు అక్టోబరులో తుపాను వచ్చింది. దేవకుమారి కూతురు జాయ్ గుణుపురంలో ఒక ఆస్పత్రిలో నర్సు. ఆ రోజు కొండ ఊరి నుంచి ఎర్రమ్మ అనే ఆవిడని ఆటోలో తెచ్చారు. యాభై ఏళ్ళుంటాయి. అడ్డాకుల విస్తళ్ళు కుట్టి సంతలో అమ్ముకునే మనిషి. ఉన్నట్టుండి మూతి వంకరపోయి, కుడిచెయ్యి వాలిపోయింది. తలకి స్కానింగు తీశారు. ఆ బొమ్మ రాయగడలో ఉన్న పెద్ద డాక్టరుగారు చూసి, రక్తం గడ్డే అని చెబితే ఇంజెక్షను ఇవ్వాలి. అన్నీ కలిపి నాలుగున్నర గంటల్లోపు జరగాలి. తర్వాత ఇచ్చి లాభం లేదు.

సరిగ్గా ఆ పూట పార్వతీపురం దగ్గర చెట్టు పడి తీగ తెగింది. రాయగడ మొత్తం కోరాపుట్ వైపున్న సన్నని దారి మీద పడింది. ఫోను టవర్లు కూడా పడకేశాయి. బొమ్మ గుణుపురంలో బయల్దేరింది, చెన్నై దాకా వెళ్ళింది, రాయగడ గుమ్మం దగ్గర ఇరుక్కుంది. దేవకుమారి ఆ గదిలోనే కూర్చుని, ఆ దారిలోంచి సినిమాలు ఆపింది, ఆఫీసులు ఆపింది, ఆఖరికి కలెక్టరాఫీసు ఆపి తిట్లు తింది. అయినా డాక్టరుగారి కంప్యూటరులో బొమ్మ పూర్తయ్యేసరికి, ఆవిడ మూతి వంకరపోయి ఐదు గంటలు దాటిపోయింది.

ఎర్రమ్మ బతికింది. కుడిచెయ్యి పోయింది.

ఫిబ్రవరిలో కూతుర్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆస్పత్రి వరండాలో ఆమెని చూసింది దేవకుమారి. కసరత్తులు చేయించుకోడానికి వారం వారం వస్తోందట. ఒళ్ళో అడ్డాకులు పెట్టుకుని ఎడంచేత్తో పుల్ల గుచ్చుతోంది. పుల్ల జారిపోతోంది, మళ్ళీ గుచ్చుతోంది. "సెయ్యి పోనాది గానీ పేనం ఉంది గదమ్మా" అని పలకరింపుగా నవ్వింది. దేవకుమారి నవ్వలేకపోయింది.

"ఇంకో వాన వస్తే ఇంకో ఎర్రమ్మే అమ్మా" అంది జాయ్ ఆ సాయంత్రం. "రెండు ఊళ్ళకీ నేరుగా దారి ఎయ్యలేరా? కూర్మారావు మావయ్య ఇక్కడే కదా ఉన్నాడు. రోజూ కనిపిస్తాడు."

"ఆయనకి అవసరమైతే ఆయనే అడుగుతాడులే అమ్మి" అంది దేవకుమారి. అన్న మరుక్షణమే సిగ్గేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

జూన్ వచ్చింది. ఒక గురువారం పొద్దున్న గణపతిరావుగారు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఆస్పత్రివోళ్ళు మళ్ళీ అడిగేరు దేవకుమారిగారూ. గుణుపురం దారి సంగతి ఏటి సేద్దాం? కూర్మారావుకి మీరొక ఫోను కొట్టండి."

"మీరే చెయ్యండి."

"నేనెలా సేస్తానండీ! నన్ను ముంచి పోయినోడు."

"నన్ను ముంచలేదా?"

"మీరు అక్క కదండీ" అన్నారాయన. ఆయన టీ తాగి దిగిపోయారు. ఆమె అలా స్క్రీను వైపు చూస్తూ కూర్చుంది. వయసు మీద పడితే కోపాలు వాటంతటవే చల్లారతాయంటారు. ఆమె కోపం చల్లారలేదు, ఒట్టి అలవాటైపోయింది. రోజూ శాలువా కప్పుకున్నట్టే అదీ కప్పుకుంటోంది.

అప్పుడే స్క్రీను మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. పాత సర్వరులో చోటు అయిపోతోంది. ఏం తీసేయొచ్చో చూద్దామని లోపలికి వెళ్ళింది. ఏడేళ్ళుగా ఎవరూ తెరవని ఫోల్డరు ఒకటి కనబడింది. ఆ సాధనం తిప్పి పంపేసిన ఫారాలు, మూడు వేల పైచిలుకు. అన్నీ చెత్తే అనుకుని, తుడిచేసే ముందు అలవాటు కొద్దీ నెట్‌వర్కు నంబర్ల వారీగా పేర్చి చూసింది.

ఒక నంబరు పదహారు సార్లు ఉంది. ఆ నంబరు ఆమెకి నోటికి వచ్చు. కూర్మారావుది.

మొదటిది 2018 జూన్. ఏటా జూన్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి. వానలకి ముందు, తుపానులకి ముందు. ప్రతి ఫారంలో అడుగున ఏదైనా రాసుకోడానికి కొంచెం చోటుంటుంది. మొదటి దాంట్లో ఆఫీసు ఇంగ్లీషు, దయచేసి పరిశీలించగలరు అని. రెండోదాని నుంచి తెలుగు. 'తుపానొస్తంది. తీగ నేను సూసుకుంటాను, మీరు కొస తగిలిస్తే సాలు.' తర్వాతి ఏడాది, 'జాయ్ నర్సింగులో చేరిందని విన్నాను, సంతోషం.' కరోనా ఏడు, 'అందరూ బాగున్నారా.' కొన్నిటిలో ఏమీ లేదు, ఒక చుక్క మాత్రం. ఖాళీగా వదిలితే ఫారం వెళ్ళదు మరి. నిరుడు అక్టోబరులో రెండున్నాయి. రెండోది ఎర్రమ్మ ఆస్పత్రికి వచ్చిన మర్నాటిది. 'బొమ్మ మా వైపు నుంచి ఎల్లింది. మీ కాడ ఆగింది. దయసేసి. దయసేసి.' ఆఖరిది పది రోజుల కిందటిది. 'వానలొస్తన్నాయి అక్కా.'

ప్రతి దాని కిందా జవాబు ఉంది. పదహారూ ఒకటే. 'మీ ఆసక్తికి ధన్యవాదాలు. మేము ఎవరితోనూ కలవము. ఇట్లు, దేవకుమారి.' ఆ సంతకం తనే టైపు చేసి పెట్టింది.

నోటితో అడగాలి అని కూర్చుంది తను. మొహం చెల్లక మూడో మనిషితో కబురు పెట్టాడు అతను. ఆ మూడో మనిషి ఈ సాధనమే. దాని నోట్లో మాట పెట్టింది మాత్రం తనే. నిరుడు జూన్‌లో వచ్చిన ఫారానికి సరేనని ఉంటే అక్టోబరుకి దారి ఉండేది. బొమ్మ రెండు నిమిషాల్లో వచ్చేది. ఎర్రమ్మ కుడిచేత్తోనే విస్తరి కుట్టుకునేది. దీనికి అటూ ఇటూ లేదు, లెక్క సరిగ్గా అంతే. దేవకుమారి శాలువా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాత లేచింది. ఈసారి "యేసయ్యా" అనడం కూడా గుర్తులేదు. మూల పెట్టెలో దుమ్ము పట్టిన రెండు కొసలు వేలాడుతున్నాయి, వాటి మీద కూర్మారావు రాతలో 'గుణుపురం 1, 2' అని చీటీలు. తీగ ఎన్ని చోట్ల తెగిందో, ఎన్ని రోజుల పని పడుతుందో తెలుసుకుందామని మూత తీసి, కొస తుడిచి, వెలుతురు కొలిచే మీటరుకి తగిలించింది. చచ్చిన తీగలో ఏమీ రాదు. గీతలు వస్తాయి, అంతే.

గీతలు రాలేదు. మైనస్ పందొమ్మిది అని అంకె వచ్చింది.

తీసి మళ్ళీ పెట్టింది. అదే అంకె, అంటే తీగలో వెలుతురు వస్తోంది. అవతలి కొసన ఎవరో పెట్టె వేసి ఉంచితే తప్ప తీగలో వెలుతురు ఉండదు. డెబ్భై కిలోమీటర్లలో ఏటా గాలివానకి ఎక్కడో ఒకచోట తెగే తీగ అది. రామనగుడ దగ్గర అతుకులు ఎవరేశారో అప్పుడు అర్థమైంది. ఈ కొస మూత వేసి ఉందని తెలిసీ, ఏడేళ్ళుగా ఆ వైపు నుంచి వెలుతురు పంపుతూనే ఉన్నాడు.

పేజీ తెరిచి నాలుగో గడిలో టిక్కు తీసేసింది, మొదటి గడిలో పెట్టింది. గుణుపురం పేజీలోకి వెళ్ళి తన వైపు నుంచి ఫారం నింపింది. అడుగున ఏం రాయాలో తోచక ఒక చుక్క పెట్టింది. పంపిన నాలుగు సెకన్లకి జవాబొచ్చింది. అటూ ఒక సాధనమే ఉంది. 'ఈ నెట్‌వర్కుకు ముందే ఒప్పుకున్నాం' అని ఉంది, ఒప్పుకున్న తేదీ 2018 జూన్. రెండు కొసలూ తుడిచి పెట్టెకి తగిలించింది. పావుగంటలో దారి నిలబడింది. గుణుపురానికి వెళ్ళిరావడానికి అరవై ఒక్క మిల్లీసెకన్లు పట్టేది రెండుకి దిగింది.

ఫోను చేయాల్సింది ఇప్పుడు తనే. నంబరు ఫోనులో ఉంది, ఎన్ని ఫోన్లు మారినా తుడిచెయ్యలేదు. రెండో రింగుకే ఎత్తాడు.

"ఒరే కూర్మా" అంది.

"అక్కా."

"పదహారుసార్లు అడిగావట్రా. నాకు తెలీదు. అది నా పేరు పెట్టుకుని జవాబులిచ్చింది."

"తెలుసక్కా. నాలుగు సెకన్లలో జవాబొస్తే మనిసి ఇచ్చింది కాదని తెలీదేటి? నీ టిక్కు ఎక్కడున్నాదో కూడా తెలుసు. ఆ పేజీ లోకమంతా సూస్తాది గదా."

"మరెందుకు పంపేవు?"

"ఎప్పటికైనా మనిసి సూస్తాదని."

"ఫోను చెయ్యొచ్చు కదరా."

"ఏ మొకం పెట్టుకుని సేస్తాను? బావ కూడికకి కుర్సీలు తెస్తానని సెప్పి తేలేదు. ఆ రోజే మార్చకపోతే నెట్ ఇచ్చేవోడు మళ్ళీ రానన్నాడు. ముందుగా నీకు సెప్పడానికి నోరు రాలేదు. తరవాత సెప్పడానికి మొకం లేదు."

"ఆ ఎర్రమ్మ చెయ్యి నా టిక్కురా" అంది దేవకుమారి.

కాదులే అక్కా అంటాడేమోనని ఆమెలో ఏ మూలో ఆశ ఉంది. అనలేదు. "నాదీ ఉన్నాదక్కా. బండెక్కితే రెండు గంటల దారి. పదహారు ఫారాలు పంపేను గానీ ఒక్కసారి బండెక్కలేదు" అన్నాడు.

జూలై మూడో వారంలో పార్వతీపురం దగ్గర తీగ మళ్ళీ తెగింది. ఆ పూట గుణుపురం ఆస్పత్రి నుంచి బయల్దేరిన బొమ్మ ఒకటిన్నర నిమిషంలో డాక్టరుగారి ముందుంది. అది ఎవరిదని దేవకుమారి అడగలేదు. మందు టైముకి పడిందని మాత్రం జాయ్ చెప్పింది. సంతోషించాల్సిన మాటే. ఆమె సంతోషించింది కూడా, కానీ ఒళ్ళు హూనమైన మనిషి నిద్రలో దుప్పటి లాక్కున్నంత మటుకే.

ఆ వారమే గుణుపురం వెళ్ళింది. బస్టాండు దగ్గర కూర్మారావు నిలబడి ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. ఇద్దరూ కలిసి ఆస్పత్రికి నడిచారు. ఆస్పత్రి వరండాలో ఎర్రమ్మ గోడకానుకుని కూర్చుంది, ఒళ్ళో అడ్డాకులు. దేవకుమారి మోకాలు పట్టుకుని నిలబడటం చూసి కూర్మారావు లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆమె వెనక పెట్టాడు. ఆమె ఒకసారి కుర్చీ వైపు, ఒకసారి అతని వైపు చూసి కూర్చుంది.

తర్వాత ఎర్రమ్మకి మొత్తం చెప్పింది. నేనూ ఇతనూ మాటలు మానేసుకున్నాం, అందుకని దారి మూసేశాను, అందుకే నీ బొమ్మ ఆలస్యమైంది, నీ చెయ్యి అందుకే పోయింది. సాధనాలూ టిక్కులూ ఏవీ చెప్పలేదు, వాటి వెనక దాక్కోవాలని అనిపించలేదు.

ఎర్రమ్మ పుల్ల గుచ్చడం ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కోపగించుకుంటుందని, తిడుతుందని దేవకుమారి ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది.

"ఇప్పుడు మాటాడుకుంటన్నారా?" అంది ఎర్రమ్మ.

"ఆఁ" అన్నాడు కూర్మారావు.

"ఇంకా ముందే మాటాడుకోవలిసింది" అని, ఆమె జారిపోయిన పుల్లని ఎడంచేత్తో నేల మీద వెతుక్కోవడం మొదలుపెట్టింది.